ట్రిపుల్ ఈలో ఎలక్టివ్ ఎంపిక: రెండు వైపులా పనిచేసినవాడి మాట

మూడో సంవత్సరం ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్)లో ఉన్న మీరు, ప్రొఫెషనల్ ఎలక్టివ్‌గా పవర్ సిస్టమ్స్ (కరెంటు ఉత్పత్తి, సరఫరా, గ్రిడ్ రక్షణ) తీసుకోవాలా, పవర్ ఎలక్ట్రానిక్స్ (సెమీకండక్టర్ స్విచ్‌లతో కరెంటు రూపం మార్చడం) తీసుకోవాలా అని అడిగారు; ఎలక్ట్రిక్ వాహనాల కాలం కనుక రెండోదే మేలని సీనియర్లు అంటున్నారని కూడా రాశారు. ఇంచుమించు ఇలాంటి మాటే విని నేను ఎంటెక్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్ చదివి, చివరకు సబ్‌స్టేషన్లలో రిలే టెస్టింగ్‌లో, అంటే ఫాల్ట్ వస్తే సరఫరా తెంచమనే పరికరాలను పరీక్షించే పవర్ సిస్టమ్స్ పనిలో కుదురుకున్నాను.

ఏ రంగంలో ఉద్యోగాలు ఎక్కువ అన్నదానికంటే, ఏ రంగంలో వచ్చే తప్పులను మీరు ఓపికగా వెతకగలరన్నది ముందు తేల్చుకోండి. ఉద్యోగంలో చేరాక మన సమయం చాలావరకు పనిచేయని దాని ముందు కూర్చోవడంలోనే గడుస్తుంది.

నా ఎంటెక్ ప్రాజెక్టు డీసీని ఏసీగా మార్చే మూడు ఫేజుల ఇన్వర్టర్. సిములేషన్‌లో వేవ్‌ఫారాలు చక్కగా వచ్చాయి. ఇన్వర్టర్ ఒక్కో లెగ్‌లో పైన ఒకటి, కింద ఒకటి స్విచ్‌లుంటాయి. ఒకటి ఆగి రెండోది మొదలయ్యేలోపు కొన్ని మైక్రోసెకన్ల డెడ్ టైమ్ లేకపోతే రెండూ కలిసి డీసీ సరఫరాను షార్ట్ చేస్తాయి. ప్రోగ్రాంలో ఆ వ్యవధి ఇచ్చాను గాని, స్విచ్‌లకు ఆదేశం అందించే గేట్ డ్రైవర్‌లో జరిగే ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు. టప్పుమన్న శబ్దం, వెంటనే మాడిన వాసన. ఆ ఒక్క నెలలో నాలుగు ఐజీబీటీలు (ఆ స్విచ్‌లే) కాల్చాను. పక్క బల్ల మిత్రుడు మాత్రం తనది కాలిన ప్రతిసారీ భోజనం మరిచి ఆసిలోస్కోప్ ముందు కూర్చునేవాడు. నాకు ఆ తపన లేదని అప్పుడే అర్థమైంది, ఒప్పుకోవడానికే ఏడాది పట్టింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక 132/33 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ చేసినప్పుడు ఏ ఇబ్బందీ పెట్టలేదు గాని, లోడ్ ఎక్కించగానే రెండు వైపుల కరెంట్లను పోల్చి చూసే డిఫరెన్షియల్ రిలే ట్రిప్ ఇచ్చింది (సరఫరా తెంచింది). 33 కేవీ వైపు ఒక ఫేజు సీటీ (కరెంటును కొలతకు తగ్గించి రిలేకు పంపే ట్రాన్స్‌ఫార్మర్) వైర్లు ఎస్1, ఎస్2 మార్షలింగ్ బాక్సులో (వైర్లన్నీ కలిసే పెట్టెలో) తారుమారవడం వల్ల, ఒకదానినొకటి రద్దు చేసుకోవలసిన కరెంట్లు కూడుకుని, రిలేకు లోపల ఫాల్ట్ ఉన్నట్టే కనిపించాయి. ముందుగా 415 వోల్టులతో స్టెబిలిటీ టెస్ట్ (తక్కువ వోల్టేజీ ఇచ్చి కరెంట్లు రద్దవుతున్నాయో లేదో చూసే పరీక్ష) సరిగా చేసి ఉంటే బయటపడేదే. డ్రాయింగులు పరచుకుని, టార్చి వెలుగులో వైర్ల చివర తొడిగిన ఒక్కో ఫెర్రూల్ నంబరు చదువుతూ తెల్లవారుజాము దాకా వెతికాం. అంతసేపూ నాకు ఒక్కసారి కూడా విసుగు రాలేదు.

అయితే ఈ రెండు సబ్జెక్టుల మధ్య గోడ సిలబస్‌లో ఉన్నంత మందంగా బయట లేదు. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న మిగతా దేశంతో సింక్రనైజ్ కాకముందే, తూర్పు గ్రిడ్‌తో దాన్ని హై వోల్టేజీ డీసీ ద్వారా కలిపిన గాజువాక హెచ్‌వీడీసీ స్టేషన్ పూర్తిగా థైరిస్టర్ల (సెమీకండక్టర్ స్విచ్‌ల) పని. కర్నూలులోని 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఇన్వర్టర్ల మీదే నడుస్తుంది. థర్మల్ యూనిట్‌లా తిరుగుతూ ఫ్రీక్వెన్సీని కాసేపు నిలబెట్టే బరువైన రోటార్ అక్కడ లేదు కనుక, అటువంటి ఉత్పత్తి వాటా పెరిగేకొద్దీ ఏదైనా పెద్ద యూనిట్ ట్రిప్పయినప్పుడు ఫ్రీక్వెన్సీ మరింత వేగంగా పడిపోతుంది. అందుచేత ఏది ప్రధానంగా ఎంచుకున్నా రెండో దానిలో కనీసం ఒక్క పేపరైనా చదవండి. ట్రాన్స్‌కో, డిస్కంల ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) పరీక్షే మీ లక్ష్యమైతే ఎలక్టివ్ గురించి ఇంత మథనం అక్కర్లేదు. ఆ పరీక్షలో సాంకేతిక ప్రశ్నలు ట్రిపుల్ ఈ మొత్తం మీద ఉంటాయి.

ఎలక్టివ్ ఫారం ఇచ్చేలోపు ల్యాబ్‌లో డీసీ వోల్టేజీని తగ్గించే ఒక చిన్న బక్ కన్వర్టర్‌ను మీ చేత్తో సోల్డర్ చేసి నడిపించి చూడండి. సెలవుల్లో ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్‌కు సబ్‌స్టేషన్‌కు వెళ్తే, యార్డు చూపించి పంపే రోజున కాక, షట్‌డౌన్ తీసుకుని రిలేలు టెస్ట్ చేసే రోజున రానివ్వమని అక్కడి ఏఈ గారిని అడగండి.