‘కేంద్రీకరించు’: పోయే తరంగాలకా, వచ్చే తరంగాలకా?

సందేహం: ‘1965లో ప్యూర్టోరికోలోని ఆరెసిబో రేడియో దూరదర్శిని రేడియో తరంగాల శక్తిని బుధుడిపై కేంద్రీకరించింది’ అని ఒక వ్యాసంలో చదివాను. ఎంతో దూరాన ఉన్న వస్తువు మీదికి శక్తిని పంపడాన్ని ‘కేంద్రీకరించడం’ అనవచ్చునా?

సమాధానం: వ్యాకరణరీత్యా ఆ వాక్యంలో దోషం లేదు, చిక్కంతా అర్థంలోనే ఉంది. ఏకీకరణం, స్థిరీకరణం వంటి మాటల పద్ధతిలోనే ఏర్పడిన ‘కేంద్రీకరణం’ చెదిరి ఉన్నదానిని ఒకచోటికి చేర్చడమనే అర్థంలో స్థిరపడింది. (‘కేంద్రం’ గ్రీకు నుంచి జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి వచ్చిన మాట.) భూతద్దం ఎండను ఒక చుక్కగా కూర్చి కాగితాన్ని కాల్చినప్పుడు ఈ క్రియ అతికినట్టు సరిపోతుంది.

బుధుడి విషయంలో జరిగింది అది కాదు. తరంగాలు నాభి (ఫోకస్) దగ్గర బయలుదేరి, ఆ దూరదర్శినికి అద్దంలా పనిచేసే 305 మీటర్ల వెడల్పున్న పళ్ళేన్ని (డిష్‌ను) తాకి, దాదాపు సమాంతరంగా ఆకాశంలోకి సాగిపోయాయి. తరంగదైర్ఘ్యం సుమారు 70 సెంటీమీటర్లు, దానిని పళ్ళెం వెడల్పుతో భాగిస్తే ఆ ధార ఎంత విచ్చుకుంటుందో స్థూలంగా తెలుస్తుంది. ఆ లెక్కన, బుధుడు మనకు బాగా చేరువగా, అంటే 8 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడనుకున్నా, అక్కడికి చేరేసరికి దాని వెడల్పు లక్షన్నర కిలోమీటర్ల పైమాటే. బుధుడి వ్యాసం 4,880 కిలోమీటర్లు మాత్రమే. పంపిన శక్తిలో అత్యధిక భాగం గ్రహాన్ని తాకకుండానే పక్కనుంచి పోతున్నప్పుడు దానిని కేంద్రీకరణమని ఎలా అంటాం?

ఇలా దిశ తప్పకుండా సాగే తరంగసమూహానికి ‘పుంజం’ అన్న మాట మనకు ఉండనే ఉంది; కాంతిపుంజం, తేజఃపుంజం అందరూ వాడేవే. ‘రేడియో తరంగాలను సన్నని పుంజంగా బుధుడి మీదికి పంపారు’ అంటే సరిపోతుంది. ‘గురిపెట్టి’ అని చేర్చినా తప్పులేదు కాని, ‘గురిచేసి’ అనకూడదు. ఇబ్బందులకు గురిచేయడం వేరు, విల్లు గురిపెట్టడం వేరు.

‘దృష్టి కేంద్రీకరించారు’ అని పత్రికలు రోజూ రాయడం వల్ల, దేనివైపు తిరిగినా కేంద్రీకరించడమే అన్న భ్రమ ఏర్పడిందని నా అనుమానం. అక్కడ కూడా ‘దృష్టి నిలిపారు’ అన్నది నా చెవికి ఇంపుగా ఉంటుంది.

అయితే ఆ వ్యాసకర్త వాడిన క్రియను పూర్తిగా కొట్టివేయనక్కరలేదు, వాక్యంలో దాని చోటు మారిస్తే చాలు. బుధుడిని తాకి తిరిగివచ్చిన అతి బలహీనమైన ప్రతిధ్వనిని అదే పళ్ళెం పోగుచేసి నాభికి చేర్చింది. బుధుడు తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది అంతవరకు అనుకున్నట్టు 88 రోజులు కాదు, సుమారు 59 రోజులని తేలింది ఆ ప్రతిధ్వనుల వల్లనే. కనుక ‘బుధుడి నుంచి తిరిగివచ్చిన తరంగాలను కేంద్రీకరించింది’ అని రాస్తే నిక్షేపంగా ఒప్పే.