టార్చ్‌బగ్ దీపం గురించి మా అవ్వ తీర్పు

స్కైరిమ్ అనే వీడియో ఆటలో రాత్రివేళ మెరుస్తూ తిరిగే టార్చ్‌బగ్ పురుగులను పట్టుకోవడం వల్ల ఏమైనా లాభం ఉందా, లేక కాలం వృథాయేనా అని అడిగారు. లాభం ఉంది. ఆ పురుగును పెద్ద దుప్పి కొమ్ములతో కలిపి మందు కాస్తే, అది పోయిన ఓపికను తిరిగి ఇవ్వడమే కాక, ఓపిక హద్దును కూడా కొంతసేపు పెంచుతుంది. డబ్బే ముఖ్యమైతే మాత్రం గోధుమలను, మహాకాయుడి కాలి బొటనవేలిని కలిపి కాచి అమ్ముకోండి. పురుగుల జోలికి రాకండి.

నేను ఈ ఆటను అనంతపురంలో, ఇంట్లో వాళ్లందరూ మిద్దె ఎక్కి పడుకున్న తరువాత, వేసవి రాత్రుళ్లు ఆడేవాణ్ని. ఒకనాటి రాత్రి ఆటలోని వైట్‌రన్ అనే ఊరి బయట ఏటి ఒడ్డున ఒక పురుగు వెనుక తిరుగుతూ ఉండగా, నీళ్ల కోసం కిందికి దిగిన మా అవ్వ చెంబు పట్టుకొని నా వెనుకే నిలబడిపోయింది.

"మిణుగురు పురుగు కదరా అది?"

ఔనని చెప్పి మీట నొక్కాను. పురుగు మాయమై, నా సంచిలో టార్చ్‌బగ్ థొరాక్స్ చేరినట్టు తెర మీద అక్షరాలు కనిపించాయి. అదేమిటని ఆమె అడిగితే, పురుగు రొమ్ము భాగమని చెప్పాను.

"రొమ్ములో యాడుంటాది రా దీపం? తోకలో కదా ఉండేది! చేనికాడ ఎన్ని పట్టలేదు మేము!"

అవ్వ చెప్పిందే నిజం. మిణుగురుకు వెలుగు పుట్టేది ఉదరం చివరి ఖండాలలో. అక్కడి లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలవడం వల్లనే ఆ కాంతి వస్తుంది. 2011లో వచ్చిన ఈ ఆటలో గుర్రం నడకనూ మంచు కురిసే తీరునూ అంత శ్రద్ధగా చేసినవారు, దీపాన్ని పారవేసి రొమ్మును మన చేతిలో పెట్టడం నాకు ఈనాటికీ మింగుడు పడదు.

చీకటి పడేదాకా కాలాన్ని ముందుకు జరిపి, గబగబా నాలుగు పురుగులు పట్టుకొని పొమ్మని వీడియోలవారు చెప్పే సలహా కూడా నాకు నచ్చదు. ఆటలో ఒక గంట అంటే మనకు మూడే నిమిషాలు. ఆ మాత్రం ఆగలేనివారికి మిణుగురులెందుకు? ఒకచోట కదలకుండా నిలబడితే పురుగే తిరిగి తిరిగి మీ ముందుకు వస్తుంది. ఆ రాత్రి అవ్వ కూడా నాతో అదే అన్నది: "ఉరకద్దు, నిలబడు."