ఆన్‌లైన్ సమావేశాల్లో ఊకొట్టే బొమ్మలు

ప్రశ్న: నేను రుషికొండలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మొన్నటి వీడియో సమావేశంలో మా మేనేజర్ గారు శుక్రవారానికి నివేదిక కావాలని అన్నప్పుడు, విన్నానని తెలపడానికి బొటనవేలు ఎత్తిన ఎమోజీ పెట్టాను. అది నాకు అప్పగించిన పని అనుకోలేదు. శుక్రవారం ఉదయం నివేదిక ఏదని అడిగి, ఒప్పుకున్నాక ఇవ్వకపోవడమేమిటని ఆయన అందరి ముందూ అన్నారు. ఇక ఎమోజీలు మానేయడమే మంచిదంటారా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మానేయనక్కరలేదు. అమ్మమ్మ కథ చెబుతున్నప్పుడు మనం ఊకొట్టకపోతే, ఆవిడ కథ ఆపి "నిద్రపోయావా?" అని అడిగేది కదా. సగం మంది కెమెరాలు ఆపేసి, అందరూ మైకులు కట్టేసుకుని కూర్చున్న సమావేశంలో మాట్లాడేవారి అవస్థ కూడా అదే, వింటున్నారో లేదో తెలియక "నా మాట వినిపిస్తోందా?" అని నిమిషానికోసారి అడుగుతూ ఉంటారు. అలాంటప్పుడు మైకు తెరిచి, మాటతో పాటు వంటింట్లోని కుక్కర్ విజిల్ కూడా అందరికీ వినిపించడం కన్నా, ఒక బొమ్మ నొక్కి ఊకొట్టడం ఎంతో మర్యాద.

చిక్కంతా ఆ "ఊఁ"తోనే ఉంది. మన భాషలో దానికి "విన్నాను" అనీ అర్థమే, "సరే, చేస్తాను" అనీ అర్థమే. మనిషి ఎదురుగా ఉంటే ఆ తేడాను గొంతు చెబుతుంది, కళ్లు చెబుతాయి. బొమ్మకు ఆ సౌకర్యం లేదు. మౌనాన్నే అర్ధాంగీకారంగా తీసుకునే మన కార్యాలయాల్లో ఎత్తిన బొటనవేలు పూర్ణాంగీకారం కాక ఏమవుతుంది? కెనడాలో ఇదే తగాదా కోర్టు దాకా వెళ్లింది. 2021లో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ అవిసె గింజల ఒప్పంద పత్రాన్ని ఫొటో తీసి పంపి, ధ్రువీకరించమని ఒక రైతును కోరింది. ఆయన బొటనవేలు గుర్తుతో బదులిచ్చి, సరుకు మాత్రం ఇవ్వలేదు. పత్రం అందిందని చెప్పడమే తన ఉద్దేశమని ఆయన వాదించినా, ఆ గుర్తు సంతకంతో సమానమేనని 2023లో సస్కచ్వాన్ రాష్ట్ర న్యాయమూర్తి తీర్పునిచ్చి, సుమారు 82 వేల కెనడా డాలర్లు కట్టమన్నారు. ఆ తీర్పు మన దేశంలో చెల్లుతుందని కాదు గానీ, మీ మేనేజర్ గారి ఆలోచన మరీ వింతేమీ కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయితే తప్పు మీ ఒక్కరిదే కాదు. పని ఎవరిదో పేరు పెట్టి చెప్పకుండా "కావాలి" అని గాలిలోకి వదిలేసిన వారికీ అందులో వాటా ఉంది. వచ్చే సమావేశం మొదట్లోనే, మన బృందంలో బొటనవేలు అంటే విన్నామనా, ఒప్పుకున్నామనా అని నవ్వుతూనే అడిగి తేల్చుకోండి. గడువు ఉన్న మాట ఏది వచ్చినా బొమ్మతో సరిపెట్టకుండా, "ఈ నివేదిక నేను ఇవ్వాలా అండీ? అయితే సోమవారం మధ్యాహ్నానికి ఇవ్వగలను" అని చాట్‌లో ఒక్క వాక్యం రాయండి. అడగవలసింది ఉంటే చేయెత్తే గుర్తునే వాడండి. చప్పట్లు, హృదయం వంటివి కొన్ని క్షణాల్లో మాయమవుతాయి; ఎత్తిన చెయ్యి మాత్రం, జూమ్ వంటి వాటిలో, మీరు దించేదాకా నిలిచి ఉండి, ఎవరు ముందు ఎత్తారో ఆ వరుసలోనే నిర్వాహకులకు కనిపిస్తుంది. మాట్లాడటం అయ్యాక దించడం మరవకండి. నేను ఒకసారి మరిచిపోతే, పాపం, నన్ను మూడుసార్లు పిలిచారు.

ప్రశ్న: నాకు యాభై నాలుగేళ్లు. సహోద్యోగి తండ్రి పోయారన్న వార్త సమావేశం చాట్‌లో కనిపిస్తే, ఏడుస్తున్న బొమ్మ అనుకుని ఒకటి పెట్టాను. అది పగలబడి నవ్వే బొమ్మ అని మా అమ్మాయి చెప్పింది. ఇప్పుడేం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ బొమ్మను వెంటనే తొలగించి, ఆయనకు ఫోన్ చేసి, ఏడ్చే బొమ్మ అనుకుని పొరబడ్డానని ఉన్నదున్నట్టు చెప్పండి. అపార్థం చేసుకోరు. మీరు పెట్టినది మామూలు బొమ్మ కాదు. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వారు ఆ ఏటి మాటగా ఎంపిక చేసినది అదే. దానిలో కన్నీళ్లు కళ్ల చివర బొట్లుగా నిలుస్తాయి, పళ్లు కనిపిస్తాయి. నిజంగా ఏడ్చే బొమ్మలో నోరు కిందికి వంగి ఉంటుంది. ఎమోజీ అన్నది జపాన్ మాట, "ఎ" అంటే బొమ్మ, "మొజి" అంటే అక్షరం. ఇంగ్లిష్ "ఎమోషన్"తో దానికి చుట్టరికం లేదు. 2010 నుంచి, కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణం ఒక్కో ఎమోజీకి కూడా సంఖ్యను, పేరును ఖాయం చేస్తోంది గానీ బొమ్మను గీసుకునేది ఏ కంపెనీకి ఆ కంపెనీయే, కాబట్టి మీ ఫోన్‌లో కనిపించిన ముఖం ఎదుటివారి తెర మీద కొంచెం వేరుగా ఉండవచ్చు.

చావు కబురుకు బొమ్మ వద్దని నా అభిప్రాయం. "మీ నాన్నగారి వార్త విని చాలా బాధ కలిగింది" అన్న వాక్యం రాయడానికి అర నిమిషం పట్టదు. తప్పదనుకుంటే జోడించిన చేతులు చాలు; జపాన్‌లో ధన్యవాదానికో, బతిమాలడానికో వాడే ఆ గుర్తు మనకు నమస్కారమై కూర్చుంది, ఇటువంటి చోట అదేమీ ఎబ్బెట్టుగా ఉండదు.

ప్రశ్న: నాకు చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపిస్తే పనిచేసుకుంటాను. సహోద్యోగులు వరుసగా పెట్టే చప్పట్ల బొమ్మల వల్ల అసలు విషయం వినలేకపోతున్నాను. చెబితే నొచ్చుకుంటారేమో?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: తప్పకుండా చెప్పండి. తెరను చదివే సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మకూ దాని పేరును పలుకుతుందనీ, పది చప్పట్ల బొమ్మలు పెడితే "చప్పట్లు కొడుతున్న చేతులు" అని పదే పదే వినవలసి వస్తుందనీ చూపున్న వారిలో చాలామందికి తెలియదు. చెప్పడం కష్టమైతే, సమావేశంలో రెండు నిమిషాలు మీ తెరను, శబ్దంతో సహా, అందరికీ పంచి అదెలా వినిపిస్తుందో వినిపించండి. ఆ పైన, బొమ్మను వాక్యం మధ్యలో కాక చివర పెట్టమనీ, ఒకటితో ఆపమనీ అడగండి.