మామిడి మాను మీది మచ్చలు

చిరంజీవి అమ్మలుకు, పెదనాన్న దీవెనలు.

విశాఖ గాలిని లైకెన్లతో పరిశీలించే ప్రాజెక్టు తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! ముందు మీ అమ్మ మసాలా డబ్బాలోంచి రాతిపువ్వు రేకు ఒకటి తీసి చూడు. అదీ లైకెనే. శిలీంధ్రం, శైవలం కలిసి చేసే కాపురం. దానికి వేళ్లు లేవు, ఆకులకుండే మైనపు పొర లేదు. తిండైనా విషమైనా గాలిలోంచీ వానలోంచీ ఒంటి నిండా పీల్చుకోవాల్సిందే. 1866లోనే నైలాండర్ అనే శాస్త్రవేత్త, పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో బతికే లైకెన్లు ఊళ్లో మిగతా చోట్ల కనబడకపోవడం గమనించి, ఇవి గాలి బాగోగులు చెబుతాయని రాశాడు.

చెట్టు ఎంపికలోనే సగం పని ఉంది. అన్నిచోట్లా ఒకటే జాతి తీసుకో, మామిడైతే మేలు. జామ, యూకలిప్టస్ వద్దు. బెరడు ఊడితే లైకెనూ దాంతోపాటే పోతుంది. నేను మొదటిసారి కనబడ్డ చెట్టునల్లా లెక్కలోకి తీసుకున్నాను. ఆరు నెలలు తిరిగాక, తేడా గాలిదో బెరడుదో తేల్చలేక ఆ కాగితాలన్నీ కట్టగట్టి పక్కన పెట్టేశాను. నీకా బాధ వద్దు తల్లీ. సున్నం, జాజు పూసిన రోడ్డు పక్క చెట్లనూ వదిలెయ్యి.

10 సెంటీమీటర్ల గళ్లు 5, నిచ్చెనలా ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీగతో చట్రం కట్టించుకో. కింది అంచు నేలకు మీటరు ఎత్తున ఉండాలి. మాను చుట్టూ నాలుగు దిక్కులా ఆనించి, ఏ జాతి ఎన్ని గళ్లలో ఉందో రాసుకో.

మాను మీద మచ్చలా కనబడే లైకెన్ మీద కాసిని నీళ్లు చిలకరించు. బూడిద రంగులో ఎండిపోయినట్టున్నది నీ కళ్లముందే పచ్చబడుతుంది. తడిసిన పైపొర గుండా లోపలి శైవలం కనబడటమే అది. అందుకే తడపకముందు ఒక ఫొటో, తడిపాక ఒకటి తియ్యి. గీకి మాత్రం తేవద్దు. చాలావాటికి ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగడమే గగనం.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మచ్చలు ఎక్కువున్నాయి కాబట్టి గాలి మంచిదని రాసెయ్యకు. సల్ఫర్ డయాక్సైడ్ తగిలితే చచ్చేవి కొన్ని, గాలిలో నత్రజని సమ్మేళనాలు ఎక్కువైతే ఇంకా బలిసేవి కొన్ని. మన మైదానాల్లో కనబడే పిక్సైన్ కోకోయిస్ అనే లైకెన్ పొగనూ ఓర్చుకుంటుంది. ఎన్ని ఉన్నాయని కాదు, ఏవి ఉన్నాయో చూడు.

అరకుతో పోల్చకు, అక్కడి చలీ మంచూ వేరు. ఊరి పక్కనే ఉన్న కంబాలకొండ అడవి అంచు మామిళ్లతో పోర్టు వైపు మామిళ్లను పోల్చు.

నా లెన్సు మీ నాన్నతో పంపుతున్నాను. దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, ముఖాన్నే బెరడు దగ్గరికి తీసుకెళ్లు.

మీ పెదనాన్న