అత్తమ్మకు అన్నీ అమర్చాం, అయినా మాటలు తగ్గిపోతున్నాయి

ప్రశ్న: మేము హనుమకొండలో ఉంటాం, ఇద్దరమూ ఉద్యోగస్తులమే. రెండేళ్ల క్రితం మామగారు పోయాక, పరకాల దగ్గరి ఊరిలో ఒంటరిగా ఎందుకని 71 ఏళ్ల మా అత్తమ్మను మా దగ్గరికి తీసుకువచ్చాం. ఇల్లు మూడో అంతస్తులో ఉంది. వంటకూ పనికీ మనిషి ఉంది కనుక ఆమెను ఏ పనీ ముట్టనివ్వం. ఆరు నెలలుగా అడిగిందే మళ్లీ అడుగుతున్నారు, టీవీ శబ్దం బాగా పెంచుతున్నారు, చుట్టాలు వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోతున్నారు. అప్పుడప్పుడైనా ఊరికి పంపమని అడుగుతారు. పంపితే తల్లిని వదిలించుకున్నారని నలుగురూ అంటారని మావారు ఒప్పుకోవడం లేదు. ఇది వయసు ప్రభావమా, మతిమరుపు జబ్బా? – ఒక కోడలు, హనుమకొండ

జవాబు: మీరు అడిగినదానిలో ఒక భాగం వైద్యులు తేల్చవలసినది, మరొకటి మీ ఇంట్లో తేలవలసినది. వైద్యుల పని ముందు కానివ్వండి.

టీవీ శబ్దం పెంచడం, అడిగిందే అడగడం, నలుగురిలోకి రాకపోవడం కలిసి కనిపించినప్పుడు నేను మొదట చెవులను అనుమానిస్తాను. పదిమంది ఒకేసారి మాట్లాడే చోట సగం మాటలు అందని మనిషి, పొంతన లేని జవాబు చెప్పి నవ్వులపాలు కావడం కన్నా లోపలి గదే నయమనుకుంటుంది. లాన్సెట్ వైద్య పత్రిక ఏర్పరచిన నిపుణుల సంఘం 2024లో, డిమెన్షియాకు, అంటే మీరన్న మతిమరుపు జబ్బుకు దారితీసే కారణాలలో మనం సరిదిద్దగలిగినవి 14 ఉన్నాయని, వాటన్నిటినీ తొలగించగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. వినికిడి లోపం, చూపు లోపం, రక్తపోటు, మధుమేహం, కుంగుబాటు, ఒంటరితనం అందులోనివే. అది జనాభా మొత్తానికి వేసిన లెక్క. మీ అత్తమ్మకు ఇంత శాతం అవకాశముందని దాని నుంచి చెప్పలేము. కానీ చెవుల పరీక్షను వాయిదా వేయకూడదని మాత్రం చెప్పగలము. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. దానితోపాటు విటమిన్ బి12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. నిద్రకు, అలర్జీకి వాడే కొన్ని మాత్రలు కూడా జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయి కనుక ఆమె వేసుకునేవన్నీ తీసుకువెళ్లి చూపించండి. భర్త పోయిన దుఃఖం కుంగుబాటుగా మారినా మతిమరుపులాగే కనిపిస్తుంది, అది మందులకూ మాటలకూ లొంగుతుంది. తాళంచెవి ఎక్కడ పెట్టానో అని వెతకడం వయసుతో వచ్చేదే. తెలిసిన దారిలో తప్పిపోవడం, ఏళ్ల తరబడి వండిన కూరలో ఏది ఎప్పుడు వేయాలో తోచకపోవడం, డబ్బు లెక్క తప్పడం కనిపిస్తే మాత్రం నరాల వైద్యునికి చూపించాలి.

ఇక ఇంటి విషయం. మీరు ఆమెకు లోటు చేయలేదు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట ‘ఏ పనీ ముట్టనివ్వం’ అన్నది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు పరిశోధకులు ఆరోగ్యాన్ని కొత్తగా నిర్వచిస్తూ, సామాజిక ఆరోగ్యమంటే తన శక్తి మేరకు బాధ్యతలు నెరవేర్చడం, జబ్బు ఉన్నా తన జీవితాన్ని కొంతవరకు తానే నడుపుకోవడం, నలుగురితో కలిసి పాలుపంచుకోవడం అని వివరించారు. చుట్టూ మనుషులుంటే చాలునని వారు అనలేదు, బాధ్యతను ముందు పెట్టారు. ఊరిలో మీ అత్తమ్మ వాడకట్టులో ఎవరింట్లో బాలింత ఉందో తెలిసిన మనిషి అయి ఉంటారు, సంక్రాంతికి సకినాలు చుట్టడానికి పిలుపు అందుకున్న మనిషి, బతుకమ్మ పేర్చేటప్పుడు ఏ పువ్వు తరువాత ఏది పెట్టాలో చిన్నవారికి చెప్పిన మనిషి అయి ఉంటారు. పేర్లు, బాకీలు, అలకలు, ముహూర్తాలు మనసులో పెట్టుకుని రోజంతా మాట్లాడవలసిన ఆ బతుకులో మెదడుకు ఎడతెగని పని ఉండేది. మీ ఇంట్లో ఆమెకు మిగిలినది పెట్టింది తినడం, టీవీ చూడడం.

అలాగని ఒంటరితనమే జబ్బు తెచ్చిందని మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. పదిమందితో కలిసిమెలిసి ఉండే వృద్ధులలో జ్ఞాపకశక్తి నెమ్మదిగా తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలు గమనించాయి కానీ, జబ్బు మొదలవుతున్నప్పుడే మనిషి తనంతట తాను ముడుచుకుపోవడం కూడా ఉంది. ఏది ముందో బయటి నుంచి చెప్పడం కష్టం.

వంటమనిషికి చెప్పి తొక్కులు పెట్టే పని ఆమె చేతికి అప్పగించండి. ఉప్పు కాస్త ఎక్కువైతే తినండి, వంక పెట్టకండి. పెన్షన్ తీసుకోవడానికి ఆమెనే తీసుకువెళ్లండి, లెక్క ఆమెనే పెట్టుకోనివ్వండి. కింది అంతస్తులలో ఆమె వయసువారు తప్పక ఉంటారు. మొదటి నాలుగుసార్లు మీరే వెంట వెళ్లి పరిచయం చేయండి, ఎందుకంటే సరిగా వినపడని మనిషి కొత్త తలుపు తానుగా తట్టదు. పెద్ద విందుల కన్నా ఒకరిద్దరితో ఎదురెదురుగా కూర్చొని మాట్లాడే సందర్భాలే ఆమెకు మేలు.

మీవారికి నా మాటగా ఒకటి చెప్పండి. నలుగురు అనే మాట ఆయనను ఒక్క రోజు బాధపెడుతుంది. ఊరు కావాలన్న కోరిక ఆమెను రోజూ బాధపెడుతోంది. వైద్యులు దారి తప్పే లక్షణం లేదన్నాక, మాత్రలు వేళకు ఇచ్చే దగ్గరివారు, గ్యాస్ పొయ్యి మీద కన్నేసి ఉంచే పక్కింటివారు ఉన్నారని చూసుకుని, నెలకు కొన్ని రోజులు ఊరిలో ఉండనివ్వవచ్చు. మొదటిసారి ఆయనే ఒక శనివారం తీసుకువెళ్లి ఆ రాత్రి అక్కడే ఉండాలి. వాకిట్లోకి వచ్చినవారిని ఆమె పేరు పెట్టి పిలుస్తున్నారా, అక్కడ కూడా అడిగిందే అడుగుతున్నారా, మాట మధ్యలో ఆగిపోతున్నారా అన్నది గమనించి రాసుకుని, తరువాతి పరీక్షకు వెళ్లినప్పుడు వైద్యునికి చూపించాలి.