బీల పుస్తకానికి విశాఖలో ఏసీ హాలు ఎందుకు?

అమ్మలూ,

పుస్తకం అచ్చుకి వెళ్లిందన్న కబురు విని చాలా సంతోషించాను. విశాఖలో ఏసీ హాలు మాట్లాడుతున్నానని రాశావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. పుస్తకం శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల గురించి, అంటే ఆ చిత్తడి నేలల గురించి, అందులో మాట్లాడినవాళ్లంతా అక్కడి రైతులూ మత్స్యకారులూ. రెండు వందల కిలోమీటర్లకు పైగా బస్సులో కూర్చుని వచ్చి, తమ గురించి వేరేవాళ్లు మాట్లాడుతుంటే వినాలా వాళ్లు? విశాఖలో తర్వాత ఎప్పుడైనా పరిచయ సభ పెట్టుకో, ఎవరూ వద్దనరు. ఆవిష్కరణ మాత్రం ఊళ్లోనే పెట్టు. విశాఖ నుంచి వచ్చేవాళ్లని రైలెక్కి సోంపేట స్టేషన్‌లో దిగమను, స్టేషన్ కంచిలిలో ఉంటుందని కూడా చెప్పు, లేకపోతే సోంపేటలో వెతుక్కుంటారు.

తేదీ గురించి. జూలై 14న పెడితే బాగుంటుందన్నావు. 2010లో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగింది ఆ రోజే కాబట్టి నీకలా అనిపించడం సహజమే. కానీ ఆ రోజు అమరుల సంస్మరణ ఉంటుంది, అందులోకి నీ పుస్తకం దూరితే సంస్మరణ సభ కాస్తా పుస్తకం సభ అయిపోతుంది, ఎవరూ మొహం మీద అనకపోయినా మనసులో అనుకుంటారు. పైగా వానల కాలం, ఉబాలు, అదే వరి నాట్లు, మొదలయ్యే రోజులు, పొలం వదిలి ఎవరొస్తారు? అక్టోబరు అసలే వద్దు, తిత్లీ తుఫాను వచ్చింది ఆ నెలలోనే. నన్నడిగితే ముక్కనుమ మర్నాడు పెట్టు. కోతలైపోయి ఉంటాయి, హైదరాబాదుకీ చెన్నైకీ పనులకు వెళ్లినవాళ్లు పండక్కి ఊళ్లోనే ఉంటారు. క్రికెట్ పోటీలూ నాటకాలూ ఏ రోజున్నాయో మాత్రం ముందు కనుక్కో, వాటితో పోటీపడి మనం గెలవలేం. ఆ ఉద్యమం నడిపిన పర్యావరణ పరిరక్షణ సంఘం వాళ్లని అడగకుండా తేదీ ఖాయం చెయ్యకు.

ఇక వేదిక. సభలు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అని పదిమందిని ఎక్కిస్తారు, ఒక్కొక్కరూ ముందు మాట్లాడినవారిని పొగిడి, తర్వాత భూతాపం గురించి మొదలుపెట్టి, చివర్లో ‘సమయాభావం వల్ల పుస్తకం పూర్తిగా చదవలేకపోయాను’ అని దిగిపోతారు. నువ్వు వేదిక మీద నలుగురికి మించి కూర్చోబెట్టకు, అందులో ఇద్దరు పుస్తకంలో ఉన్నవాళ్లయి ఉండాలి. పుస్తకం వాళ్ల చేతుల మీదుగానే బయటికి రావాలి. మైకు చూస్తే వాళ్లకి టెన్షన్ అనుకుంటున్నావేమో, ఆ రోజుల్లో పోలీసుల ముందు మాట్లాడినవాళ్లకి మైకు ఒక లెక్కా! ప్రసంగం చెయ్యమంటే మాత్రం ఇబ్బంది పడతారు, అందుకని వాళ్లు నీకు చెప్పిన రెండు పేజీలు వాళ్ల ముందే, వాళ్ల యాసలోనే ఎవరితోనైనా చదివించు. యాసని సరిదిద్దకు. చదవడం అయ్యాక ‘అలాక్కాదు, ఆ రోజు జరిగిందేంటంటే’ అని ఒకరు లేస్తారు, ఇంకొకరు అందుకుంటారు. అదే నీకు కావలసిన సభ, ఆపకు.

ఆనాటి సంగతులు తెలియని పిల్లలు కూడా వస్తారు, అప్పటికి పుట్టనివాళ్లు ఇప్పుడు టెన్త్, ఇంటర్‌లో ఉన్నారు కదా. కాగితాల్లో పనికిరాని భూమిగా చూపించిన చోట నీళ్లూ చేపలూ వరి పంటా ఉన్నాయని, అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు తలపెట్టారని, కాల్పులు జరిగిన రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దాని అనుమతిని రద్దు చేసిందని ఐదు నిమిషాల్లో చెప్పే మనిషిని ఒకరిని చూడు. ఆ ఊరి టీచరైతే మరీ మంచిది. పొద్దున్న ఎండ ఎక్కకముందు పిల్లల్నీ బయటినుంచి వచ్చినవాళ్లనీ బీల గట్టు మీద ఒక చుట్టు నడిపించు, ఊరి పెద్దాయన ఎవరైనా ముందు నడవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పేర్లు, ఫొటోలు వేసిన ప్రతి ఒక్కరినీ మళ్లీ ఒకసారి అడుగు. కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు వాళ్లు, అప్పుడు నీతో సరే అన్నవాళ్లకి పుస్తకం అచ్చవుతోందంటే భయం వెయ్యొచ్చు. ఒక్కరు వద్దన్నా పేరు మార్చు, అచ్చు ఆలస్యమైతే అవనీ.

ఫ్లెక్సీ వద్దు. 2022 జూలై 1 నుంచి వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు, అలంకరణకి వాడే థర్మకోల్, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, ఆహ్వాన పత్రికలకి చుట్టే ప్లాస్టిక్ పొర అన్నీ నిషేధమే, పర్యావరణం పుస్తకం సభలో అవి కనబడితే పరువు పోతుంది. గుడ్డ బ్యానరు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు, వెతికి పట్టుకో. పుస్తకాన్ని రంగు కాగితంలో చుట్టి రిబ్బను కట్టే పని కూడా మానెయ్, నూలు తువ్వాల్లో కట్టి తేవచ్చు, అది తర్వాత ఎవరికైనా పనికొస్తుంది. శాలువాలూ షీల్డులూ అసలే వద్దు, ఆ డబ్బు భోజనాలకి పెట్టు. ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు, స్టీలు గ్లాసులు, వేడి వేడి అన్నం, పప్పు, చేపల పులుసు. మత్స్యకారుల ఊళ్లో పులిహోర పొట్లాలు పంచితే నిన్నెవరూ క్షమించరు!

పుస్తకం వెల నూట యాభై అన్నావు. ఊరివాళ్లకి సగం ధర పెట్టు, మాట్లాడినవాళ్లకి ఉచితంగా ఇంటికెళ్లి ఇచ్చిరా, సభలో పిలిచి ఇవ్వకు. స్కూలు లైబ్రరీకి నాలుగు కాపీలు పక్కన పెట్టు. ఫోన్‌పే బోర్డుతో పాటు చిల్లర కూడా దగ్గర పెట్టుకో, సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం. మైకుకి పోలీసు పర్మిషన్ వారం ముందే తీసుకో, సభ మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి చీకటిపడేలోపు ముగించు, ఆడవాళ్లు ఇళ్లకి వెళ్లాలి.

ఆహ్వాన పత్రిక అచ్చుకిచ్చే ముందు నాకు వాట్సాప్ చెయ్యి, పేర్ల వరస ఒకసారి చూసి చెబుతాను.

నీ బాబాయి