కూచిపూడి నుంచి కాంటెంపరరీకి: నడుము, మోకాళ్ల సంగతి

కూచిపూడి నేర్చుకుని ఇప్పుడు బెంగళూరులో కాంటెంపరరీ డాన్స్ క్లాసుకి వెళ్తే నడుము వంగట్లేదు, మోకాళ్లు నొప్పి, టీచరేమో పాతదంతా మర్చిపోమంటున్నారు అన్నారు కదండీ. టెన్షన్ వద్దు. కూచిపూడిలో మనకు వెన్ను నిటారుగా నిలపడం అలవాటు. కానీ అమెరికా ఆధునిక నృత్యకారిణి మార్తా గ్రాహమ్ పద్ధతిలో 'కాంట్రాక్షన్' అంటే ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి లాగి, వెన్నును విల్లులా వంచడం. భుజాలు ముందుకు పడేస్తే వచ్చేది గూనే! ముందు కూర్చుని సాధన చేయండి, సగం పని ఊపిరిదే. నేలకు దిగేటప్పుడు అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ) అక్కరకొస్తుంది: బాగా కిందికి దిగి, చేతులు ఆనించి, తొడ పక్కకు వాలండి. మోకాలిచిప్ప నేలకు కొట్టుకోకూడదు. మోకాళ్లకు ప్యాడ్స్ వేసుకోండి. వాపుంటే మాత్రం డాక్టరుకి చూపించాకే క్లాసు. ఇక మర్చిపోవడమంటారా, చెన్నైలో నృత్య దర్శకురాలు చంద్రలేఖ 1985లోనే భరతనాట్యాన్నీ, కేరళ యుద్ధకళ కలరిపయట్టునీ కలిపి 'అంగిక' అనే నృత్యం చేశారు, పాతదాన్ని వదిలేయలేదు. అందుకే పాతదంతా మర్చిపోవాలన్న మాట నేనైతే పట్టించుకోను.